మినిట్స్ పుస్తకం

తేదీ, వేళ, హాజరైనవాళ్ల సంతకాలు,
ఇక్కడిదాకా నా చెయ్యి ఆగలేదు.
హన్మకొండ, మున్సిపల్ ఆఫీసు పై అంతస్తు,
కూలర్‌ల నీళ్లయిపోయిన మీటింగు హాలు.
ఎజెండాల ఒక్కటే అంశం:
అయిదు కూడళ్లు, అయిదు కంచు బొమ్మలు.

ఇనుగాల సాంబమూర్తి గారు తోరణం పెడదామన్నరు.
"తోరణాలు ఇప్పటికే పదకొండున్నయి సార్,
రెండు బస్టాపుల మీద, ఒకటి పెట్రోలు బంకు ముందర"
అన్నది నుస్రత్ మేడం. ఆమె ఇంజినీరు, లెక్కలే చెప్తది.
నగల దుకాణం భూమేశ్వర్ సారుకు గుర్రం కావాలె,
రెండు కాళ్లు గాలిలకు లేపిన గుర్రం.
దానిమీద ఎవరెక్కుతరు అంటే
"అది తర్వాత. ముందుగాల గుర్రం పాస్ చెయ్యున్రి" అన్నడు.
నేను రాసిన: గుర్రంపై చర్చ జరిగినది.

కిలో కంచు ఎంత, దిమ్మె ఎత్తెంత,
చుట్టూ గ్రిల్లు ఎవరి ఖాతాల.
ఒక్క గ్రిల్లు మీదనే ముప్పావుగంట పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అందరికి,
పొద్దుగాల్నుంచి వరండల బెంచీ మీద కూసున్న
జైతుబాయి.
జైనూరు అవతలి గూడెం. రెండు బస్సులు, ఒక పాసింజరు.
ఒడిల తడిగుడ్డ చుట్టిన స్టీలు టిఫిను,
టిఫిన్ల నమూనా.

మే నెల.
మూత తీస్తే
తేనెమైనం కరిగి, ఒక మూలకు ఒరిగి,
తినంగ మిగిలిన సద్దిముద్ద లెక్కున్నది.
ఎవరో నవ్విండ్రు. అది రాయలే.

ఆమె నొచ్చుకోలే.
"ఎట్లైనా కరిగేదే గద సారు.
మైనం జాగ ఇడువకుంటె
కంచు యాడ సొరవడాలె?"

సగం ముద్దను ఒళ్లు చేసి నిలవెట్టింది.
నా స్కేలు అడిగి తీసుకుని, బల్ల మీద
మిగిలిన సగాన్ని దారాలు తీసింది,
సేమియా అంత సన్నగ, అన్నీ ఒకటే మందం,
చుట్టుకుంట పోయింది.
మాటలాగినయి. ఫ్యాను చప్పుడు ఇనవడ్డది.
ముందుగాల మడమలొచ్చినయి.
తర్వాత పిక్కలు, ఉబ్బిన నరంతోని సహా.
వంగిన వెన్ను. వెన్ను మీద బస్తా.
మూతికి కట్టిన తువ్వాల.

రాత్రి బండి దిగి, తావు దొరకక
ఎనుమాముల యార్డు గేటు కాడ పండుకున్నదట.
తెల్లారంగ మిర్చి దిగుతుంటె చూసిందట.
ఆ తువ్వాల నాకెరుకే.
మా నాయిన ముప్పై ఏండ్లు కట్టిండు.
నోరు లేని బొమ్మకు దగ్గు ఎట్ల పెట్టిందో
ఇప్పటికీ సమజ్ కాదు:
ఒక భుజం ఇంత ఎగిరి ఆగింది, అంతే.

"దిమ్మె ఎన్ని అడుగులు పెడదాం?" చైర్మన్ అడిగిండు.
"దిమ్మె వద్దు. నేల మీదనే ఉండనియ్యి.
పోయేటోడు చెయ్యేస్తడు.
తాకిన కాడ కంచు మెరుస్తది, తాకని కాడ నల్లవడ్తది.
పదేండ్లకు మీకే ఎరుకైతది
ఊరోళ్లు యాడ పట్టుకున్నరో."

భూమేశ్వర్ సారు చెయ్యి చాపి, వెనుకకు తీసుకున్నడు.
సాంబమూర్తి గారు అద్దాలు తుడుచుకున్నరు, శానసేపు.
నుస్రత్ మేడమే అడిగింది:
"బస్తా లోపల బోలేనా?"
"పుట్టమన్ను ఉంటది బిడ్డా.
బరువు కాళ్లల్ల కనవడాలె, బస్తాల కాదు."

తీర్మానము: ఈ అంశము తదుపరి సమావేశమునకు వాయిదా వేయనైనది.

దారి ఖర్చుల కింద ఆమెకు మూడువందల ఇరవై.
రసీదు మీద వేలిముద్ర కావాలె.
బొటనవేలుకు మైనం, సిరా పట్టలే.
మూడుసార్లు ఒత్తిపిచ్చిన.
గీతలు రాలే, నున్నటి తెల్లమచ్చ ఒకటి వచ్చింది.
ఆడిట్‌ల ఏమంటరో.

బొమ్మను నా బల్ల మీద ఇడిచి పోయింది.
స్టాకు రిజిస్టర్‌ల ఎక్కియ్యాలె.
వస్తువు: మైనం మనిషి, ఒకటి.
స్థితి:

అక్కడ ఆగిన.
నాలుగ్గొట్టంగ కిటికిల నుంచి ఎండ బల్ల మీదికొచ్చింది.
ఫైళ్లు పక్కకు తోసి, బొమ్మను నీడకు జరిపిన.
ఎండ మళ్ల జరిగింది. మళ్ల జరిపిన.
ప్రతిసారి బస్తానే పట్టుకున్న, ఎందుకో,
కొంచెం పైకి లేపినట్టు.