రఫూ

పత్తర్‌గట్టి కమాను కింద
మూడడుగుల కొట్టు నయీముద్దీన్ సాబ్‌ది.
నేనిచ్చింది చిమ్మటలు కొరికిన ఉన్నికోటు.
చుట్టి తెచ్చిన కాగితం
ఆబిడ్స్‌లో ఆదివారం పూట
యాభైకి కొన్న బొమ్మల పుస్తకంలోంచి ఊడిన పేజీ.

కోటు పక్కన పడేసి పేజీ అందుకున్నాడు.
"రాట్నమా ఇది?"
రాట్నమే. ఆకులు కనిపించనంత జోరు మీదుంది.
నూలు వడికే ఆడవాళ్లు, కాళ్ల దగ్గర పిల్లి,
వెనక గది వెలుగులో ఎవరో దొరసానులు.

కథ చెప్పాను.
నేతలో దేవతనే పందేనికి పిలిచిన గ్రీకు పిల్ల, అరాక్నీ.
బుద్ధి చెబుదామని ముసలమ్మ వేషంలో వచ్చింది దేవత.
పిల్ల నేతలో తప్పు దొరకలేదు.
దొరకనందుకే గుడ్డ చింపి
పిల్లని సాలీడును చేసింది.

నుదుటి మీది అద్దాలు కిందికి దిగాయి.
గుడ్డ వెనకవైపు చూసే అలవాటు కదా,
పేజీ కూడా తిప్పి చూశాడు.
అటు ఇంకేదో యుద్ధం, గుర్రాలు.
మళ్లీ తిప్పి సూదిమొన ఆనించాడు.

"గీ తెల్లముసుగామెనే దేవత.
మొకం డెబ్బై ఏండ్లది.
కాలు సూడు, పడుచుపిల్లది.
అతుకు కనబడ్తుంది."

నాలిక చప్పరించాడు,
పక్క కొట్టువాడి నాసిపని చూసినట్టు.
"దేవతకు రఫూ రాదు."

మరి పిల్ల?
మనవైపు వీపు పెట్టి దారం చుడుతున్నదాన్ని చూపించాను.
చాలాసేపు చూశాడు.
"మొకం జూపియ్యదు" అన్నాడు, మెచ్చుకోలుగా.

మగ్రిబ్ వేళకి కోటు చేతికొచ్చింది.
నూట ఇరవై.
చార్మినార్ దాకా నడుస్తూ
చిల్లు ఎక్కడుండేదోనని
వేలితో వెతుకుతూనే ఉన్నాను.
పేజీ ఆయన దగ్గరే ఉండిపోయింది.