వక్రగతి

అక్టోబరు మొదటి వారంలో
నా ట్రక్కు వెనక్కి నడవడం మానేసింది.

గ్యాలప్ హైస్కూలు జానిటర్ రిటైరవుతూ
పద్దెనిమిది వందల డాలర్లకి వదిలిపోయిన
తొంభై ఏడు మోడల్ షెవ్రొలే.
తలుపు మీద పొట్టేలు కొమ్ము గీసిన గీత,
సీటు కింద ఇంకా ఆయన నమిలిన
పొద్దుతిరుగుడు గింజల పొట్టు.
ఒకటో గేరులో బుద్ధిగా కదులుతుంది.
రెండోది రావలసిన చోట
ఇంజను గొంతు చించుకుంటుంది,
ఎవరో వీపున తన్నినట్టు మూడోది.
ఇక రివర్సులో పెడితే
తాళం వేసిన ఇంటి తలుపు తట్టినట్టే.

రెండు వారాలు అలాగే నడిపాను.
వాల్‌మార్ట్‌లో చిట్టచివరి వరస,
ఎదురుగా ఖాళీ ఉన్న చోటు.
లేదంటే ఎత్తుకి మూతి పెట్టి ఆపడం,
న్యూట్రల్‌లో వాలుకి వదలడం.
ఒకసారి పోస్టాఫీసు గోడకి ఎదురుగా ఇరుక్కుపోతే
నా ఫిజిక్స్ క్లాసు పిల్లలు ముగ్గురు
బర్రిటోలు పళ్ళతో కరుచుకుని
బానెట్ పట్టి తోశారు.
"మిస్, దీనికి మార్కులేమైనా ఉన్నాయా?"
వాళ్ళ అరచేతులు
ఎర్రదుమ్ములో వారం దాకా ఉన్నాయి.

వర్లీన్ ఎట్సిటీ
ఇరవై ఆరేళ్ళుగా స్కూలు బస్సుల మెకానిక్.
నన్ను ఇంజను ఆపనివ్వలేదు.
డిప్‌స్టిక్ లాగి, తెల్లగుడ్డకి తుడిచి
గుడ్డ నా ముక్కు దగ్గర పెట్టింది.
దానిమ్మరసంలా ఉండాల్సిన నూనె
పాత చింతపండు రంగు.
మాడిపోయిన తిరగమోత వాసన.
ఈ వాసనొస్తే మా ఇళ్ళల్లో
ముందు గిన్నె దించేస్తాం అన్నాను.
"ఇక్కడా అంతే, దించాలి."

శనివారం.
షాఫ్టు ఊడదీశాం, గొట్టాలు విప్పాం,
చూపుకందని పైబోల్టుని
వేలికొసతో గుడ్డిగా వెతికాం.
పక్క పట్టాల మీద గూడ్సుబండి
ఎంతకీ తెగదు.
అది పోయేదాకా మాట్లాడుకోవడం దండగ.

పెట్టె విప్పి అట్టముక్క మీద పరిచింది.
మధ్యలో సూర్యుడనే పళ్ళచక్రం,
చుట్టూ నాలుగు గ్రహాలు,
సూర్యుణ్ణి పట్టి తిప్పే ఇనపచిప్ప
మెడ దగ్గర గుండ్రంగా తెగిపోయి.
గ్రహాలు ఉన్నచోటే నిలిచి ఎదురు తిరిగితేనే
బండి వెనక్కి వెళ్ళేది, అంది.

నాకు నవ్వాగలేదు.
వేటపాలెంలో సిద్ధాంతిగారు
శని వక్రించాడని చెప్పి
మా మేనత్త దగ్గర నూటపదహార్లు పట్టుకెళ్ళేవారు.
ఇక్కడ వక్రించనందుకు
నాకు తొమ్మిది వందలు, చిప్ప ఖర్చు వేరే.
ఇదంతా వర్లీన్‌కి చెప్పాను.
నవ్వలేదు. "ఏం చేయించేవాడు?"
నూనె పోయించేవారు.
"అయితే పని తెలిసినవాడే."

కొత్త చిప్ప అల్బుకర్కీ నుంచి రావడానికి ఎనిమిది రోజులు.
ఆ ఎనిమిది రోజులూ నడిచి వెళ్ళాను.
అరవై ఆరో రోడ్డు మీద నడిచేవాళ్ళు
నేననుకున్నంత తక్కువేం కాదు.

చివర్లో కన్వర్టర్ నా చేతికిచ్చింది.
తిప్పుతూ లోపలికి నెట్టాలి,
మూడుసార్లు టక్కుమనాలి.
ఒకటి.
రెండు.
చీకటి పడుతోంది, మణికట్లు వణుకుతున్నాయి,
కూర్చున్నట్టే ఉంది అన్నాను.
"రెండుతో సరిపెట్టుకుని బోల్టులు బిగించినవాళ్ళ
పగిలిన పంపులు ఆ డ్రమ్ములో ఉన్నాయి, చూడు."
చూడలేదు.
తిప్పాను, నెట్టాను, తిప్పాను, తిట్టాను
(తెలుగులోనే),
ఎప్పటికో
వేళ్ళలోంచి మోచేతి దాకా
టక్.

లేత ఎరుపు నూనె పోసి, స్టార్ట్ చేసి
రివర్సులో పెట్టాను.
ఒక్క క్షణం ఏమీ లేదు.
తర్వాత ట్రక్కు కొంచెం కుంగి
వెనక్కి కదిలింది.
ఇరవై అడుగులు వెళ్ళాను.
అక్కడ నాకు పనేమీ లేదు.
ముందుకొచ్చాను. మళ్ళీ వెళ్ళాను.
పసుపు బస్సుల అద్దాల్లో వరసగా
నా టెయిల్ లైట్లు.

వర్లీన్ చేతులు తుడుచుకుంటూ అరిచింది:
"పెట్రోలు నీదే.
షెడ్డు తాళం మాత్రం నాది,
నాకు ఆకలేస్తోంది."