మూడు చుక్కల కింద

నాజిబ్రోలా టీచర్ ఎర్రసిరా వాడదు.
పెన్సిలే. అదీ మొద్దుబారింది.
నా పధ్నాలుగు పేజీల్లో మొదటి కోట్ పక్కన
ఇంతే రాసింది:
"ఎవరీవిడ? తలుపెవరు తీశారు?"

కుతాయిసీలో ఫిబ్రవరి.
డిపార్ట్‌మెంట్ హీటర్‌కి రెండు కడ్డీలు, వెలిగేది ఒకటే.
పట్టుమిల్లు కవయిత్రి కదండీ,
ఆవిడే మాట్లాడుతుంది, మధ్యలో నేనెందుకు, అన్నాను.
అందుకే ఆరు పాదాలూ ఎత్తి
పేజీ నడుమ దించేశాను,
లారీవాడు వాకిట్లో ఇసుక పోసినట్టు.
ముందొక ఫుల్‌స్టాప్, వెనకొక ఫుల్‌స్టాప్.

"ఇసుక పోసి ఇల్లు కట్టానంటున్నావు," అంది టీచర్.

మా జార్జియన్‌లో పరాయి మాటకి
చివర చిన్న 'ఓ' తగిలిస్తాం:
ఇది నాది కాదు, మోసుకొచ్చానంతే, అని.
నా మాటే నేను తిరిగి చెబితే 'మెత్కీ'.
వెళ్ళి వాడితో ఇలా చెప్పు అంటే 'త్కో'.
బజార్లో వెల్లుల్లి అమ్మే ఆవిడ
పక్క కొట్టావిడ తిట్టిన తిట్టు చెబుతూ కూడా
ఆ 'ఓ' మరిచిపోదు.
ఎం.ఏ. దాకా వచ్చి నేను మరిచాను.

శనివారం మినీబస్సులో ఊరికి.
షెడ్డులో అమ్మ ద్రాక్ష అంట్లు కడుతోంది,
నర్సరీవాళ్ళ పని, వందకింత అని లెక్క.
బొటనవేలి నిండా పాత కత్తిగాట్లు.
"పైకొమ్మని ఒక్కదాన్నే చెక్కితే అతకదు.
కిందిదాన్నీ కోయాలి,
అదే వాలున, అంతే లోతున."
మైనంలో ముంచి పక్కన పెట్టింది.
నా చదువు గురించి కాదు ఆవిడ చెప్పేది.
నేనే అలా విన్నాను.

రెండోసారి బాగా రాశాననుకున్నాను.
ఆరు పాదాలు లేవు, అవసరమైన చోట రెండే మాటలు:
ఓపిక గురించి అడిగిన లోకాన్ని
కవయిత్రి "నా గోళ్ళనడుగు" అని పంపించేస్తుంది.
ఎక్కడ నేను ఆగానో, ఎక్కడ ఆవిడ మొదలైందో
చెవికి తెలియదు, కంటికే తెలుస్తుంది.
అక్కడ టీచర్ ఒక టిక్కు పెట్టింది.
ఆ టిక్కు నా గదిమిత్రురాలికి కూడా చూపించాను.

తొమ్మిదో పేజీలో పెన్సిల్ ఆగింది.

"మరిగే నీళ్ళలో వేళ్ళుపెట్టి
గూటి దారం కొస వెదుకుతాను,
తెగకుండా లాగుతాను గంట కొట్టేదాకా...
ఓపికంటే ఏమిటో నా గోళ్ళనడుగు."

టీచర్ కళ్ళద్దాలు తీసింది.
"ఈ మూడు చుక్కల కింద ఎవరిని పాతిపెట్టావు?"

నాకు తెలుసు.
చుక్కలున్న చోట ఒక పాదం ఉండేది:
ఈ నెలా జీతం ఇవ్వలేదు.
నా వ్యాసం పేరేమో 'సహనం అనే సౌందర్యం'.
ఆ పాదం ఉంటే నా వాక్యం నిలబడదు,
అందుకని నున్నగా తీసేశాను.
అతుకు కనబడలేదు. అదే నా తప్పు.

ఆ రాత్రి హాస్టల్లో పాదాన్ని తవ్వి తీశాను.
అది లేచి కూర్చోగానే
'సౌందర్యం' తనంతట తానే లేచి పక్కకి తప్పుకుంది.
నాలుగు పేజీలు పోయాయి.
మిగిలిన వాక్యాలకి కోత పెడుతుంటే
మార్చిలో కోసిన తీగలా
తడి కారింది, ఎక్కడినించో.

మళ్ళీ శనివారం. షెడ్డులో చదివి వినిపించాను,
నా మాటలూ ఆవిడ మాటలూ కలిపి, చివర 'ఓ' లతో.
అమ్మ కత్తి ఆపి అడిగింది:
"మరి ఆ తర్వాతైనా ఇచ్చారా, జీతం?"

పధ్నాలుగు పేజీల్లో ఎక్కడా
నేనడగని ప్రశ్న.

కింద, పదకొండో ఫుట్‌నోట్‌లో,
లామారా, అంట్లు కట్టే మనిషి, అని పరిచయం చేసి
ఆ ప్రశ్న అలాగే రాశాను.
ఒక్క చుక్కా పెట్టలేదు.
చివర 'ఓ' మాత్రం మరిచిపోలేదు.