చినగని చోట అతుకు

వడపళనిలో రెండో అంతస్తు. నా కుట్టుమిషను ఎదురుగా
గోడకు ఒక ఫోటో అంటించి పోయాడు కదిరేశన్.
"మాస్టర్, నలభై రెండు నాటి మదరాసు.
దొడ్లెత్తే ఆమె కూతురు. బీదగా ఉండాల, కానీ కళగా."

ఇచ్చిన చీర కొత్తది, మడతల్లో గంజి వాసన.
బకెట్టు నిండా టీ డికాక్షను కాచి ముంచినాను.
మూడు గంటల్లో ముప్పయ్యేళ్ల పాతదయింది.
తర్వాత అతుకు.
ఎర్రగుడ్డ, పైటకు ముందువైపు,
కెమెరాకు తగిలేటట్టు.

చీర అక్కడ చినగదు సామీ, అన్నాను.
తట్ట ఆనుకునే నడుం కాడ చినుగుతుంది.
చుట్టకుదురుకని చింపుకున్న చెంగు కాడ.
రవిక చేతులకు పఫ్ పెట్టమన్నావే,
మా జేజికి రవికే లేదు,
మా నాయన పుట్టిందాకా.
కదిరేశన్ మంచోడే. ఫోన్లోంచి తలెత్తి
"ఛానెల్ ఒప్పుకోదు మాస్టర్" అన్నాడు.

జేజి పేరు పెంచలమ్మ. పులియంతోపు.
ఆ వేసవిలో జపానోడి బాంబు పడుతుందని
ఊరంతా మూటలు కట్టి రైలెక్కిందంట.
వీళ్లూ మూట కట్టినారు. మేస్త్రీ విప్పించినాడు:
"మీరూ పోతే దొడ్లెవరు ఎత్తేది?"
తాళాలేసిన ఇళ్ల వెనక సందుల్లో
పొద్దున్నే తట్టతో పోయి
వట్టి దొడ్లకు హాజరేయించుకుని వచ్చేవాళ్లు.
చెప్పినప్పుడల్లా నవ్వేది జేజి, పొగాకు నమల్తా:
"నా బతుకులో సెలవంటే ఆ నెల్లాళ్లేరా.
ఒక్క బాంబన్నా పడలా, పాపం."

తొమ్మిదిన్నరకు సీరియల్.
సైరన్ మోగింది. జమీందారు కొడుకు
ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పరిగెత్తాడు.
ఒకే గుంటలో దూరారు, పక్కపక్కన,
అతని తల్లి కూడా.
ఎవురు నువ్వని ఎవరూ అడగలేదు.
పిల్ల గోళ్లకు మెరుపు రంగు.
వయొలిన్లు.

మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.
"అతుకు నువ్వేసిందేనా? బాగా కనబడుతుంది."
నాలుగొందల యాభై ఇచ్చారు దానికి,
కాదన్లేదు నేను.

మళ్లీ దగ్గరగా చూపించారు పైటను.
కుట్టు దారం వేసినట్టు సూటిగా పోయింది.
జేజి అతుకులు వంకర.
చీకట్లో కుట్టేది గదా,
వేలితో తడుముకుంటా.