నీలం డ్రమ్ము

ఆరేండ్లాయె దీన్ని అటకెక్కిచ్చి.
రేషన్ షాపు వెనక, ఖాళీ గోనెసంచుల నడుమ,
ఎన్నికల ఫ్లెక్సీల చుట్టి పెట్టిన్రు.
విప్పంగనే ముందుగాల ఒక నాయకుని పండ్లు కనవడ్డయి.
తర్వాత మోటరు.

గౌస్ భాయ్ తలకాయ దిక్కు, నేను ఫ్యాను దిక్కు.
"పీనుగను దించినట్టు దించుతున్రేందిరా" అన్నది బాలమణి,
చందాల బుక్కు సంకల పెట్టుకొని.

నేను స్కూటర్ల మెకానిక్‌ను.
రాణిగంజ్‌ల ముప్పై ఏండ్లు చేతక్‌ల కడుపులు కోసినోన్ని.
నీళ్ల మీద పోయింది ఒక్కటే రాత్రి,
మూసీ మా మెట్లెక్కిన రాత్రి.
అదన్న పడవ కాదు, థర్మాకోల్ మీద ఏసిన బాత్రూం తలుపు.
సర్కారు పడవ రెండొద్దులకొచ్చింది.
అప్పటికి గల్లీల బురదే మిగిలింది, పడవను అదే ఆపింది.

ఆ కోపంల కొన్నరు దీన్ని, తుక్కు బజార్ల,
ఇంటికి రెండొందలు ఏసుకొని.
కోపం ఆరంగనే అటకెక్కింది.

మూత తీస్తే లోపల ఎలుక గూడు.
చందా రసీదులు కొరికి మెత్తగ పరుచుకున్నది.
ఒక ముక్క మీద "...మ్మ, రెండొందలు" అని ఉన్నది.
ఏ అమ్మదో.

ట్యాంకుల ఉన్నదాన్ని పెట్రోలనలేం.
వార్నిషుకు, మాడిన బెల్లం పాకానికి నడుమ ఏదో వాసన.
కార్బురేటర్ విప్పిన. జెట్టు కన్ను మూసుకపోయింది,
జొన్నగింజంత ఇత్తడి కన్ను.
సూది పెట్టొద్దు, బొక్క సాగుతది.
"ఊదు, తిట్టకు" అంటుండె మా ఉస్తాద్.
ఊదిన. తిట్టిన గూడ.
వైరులకెల్లి ఒక్క రాగి పోగు గుంజి, దూర్చి,
ఎలుగుకు పట్టి చూస్తే
అందులకెల్లి సుక్కంత మబ్బు కనవడ్డది.

నీళ్లు గుంజే రబ్బరు రెక్కలు
చాయిల నానని రస్కుల లెక్క ఇరిగినయి.
రాణిగంజంత తిరిగిన. "కంపెనీయే లేదు పో" అన్నరు.
గౌస్ భాయ్ హిమాయత్ సాగర్ పోయి
చాపలు పట్టేటోళ్లనడిగి పాతదొకటి తెచ్చిండు,
దాంతోని పాటు రెండు కిలోల బొచ్చె.
మోటరు ఖర్చుల రాయమంటే బాలమణి చాప ఖర్చు కొట్టేసింది.

ఇగ నీళ్లు.
నల్లా దినం తప్పి దినం, అదీ గంట.
"మనుషులకే లేవు, మిషనుకు తాపుతరా?"
కౌసల్య గుమ్మంలకెల్లి లేసింది.
బాలమణి బట్టలు పిండిన నీళ్లు పోసింది డ్రమ్ములకు.
నురుగుల దిగింది ఫ్యాను.

తాడు గుంజిన. ఒకటి. రెండు. దగ్గు గూడ లేదు.
ప్లగ్గు తీసి, తుడిచి, కాగితం మంట మీద ఎచ్చజేసి, మళ్ల పెట్టిన.
అబ్రార్ గాడు లెక్కవెడుతున్నడు.
పదకొండు, పన్నెండు, రెక్క గుంజుకపోతున్నది.
పదమూడోది నేను గుంజలే, గౌస్ భాయ్ గుంజిండు, బిస్మిల్లా అని.

తుమ్మింది.
మళ్ల తుమ్మి, ఆగక, మొరిగింది.
గల్లీ నిండ తెల్లటి పొగ, పాత చేతక్ వాసన,
ఆయిలు కలిపిన పెట్రోలు వాసన, నా ఈడు వాసన.
పక్కకెల్లి సన్నటి నీళ్ల ధార
పసిపోరడు పోసినట్టు కొట్టింది కౌసల్య గోడకు.
డ్రమ్ము ఊకుంటలేదు.
ముందుకు ఉరుకుతున్నది, మోరీ దిక్కు, మూసీ దిక్కు.
గౌస్ భాయ్ దాన్ని కౌగిట్ల పట్టి
"అరె ఠైరో, ఠైరో" అని బతిమాలుతున్నడు.
పోరగాళ్లు ఈలలు. కుక్క పరార్.

బందు జేసినం.
నురుగు మాత్రం లోపల తిరుగుతనే ఉన్నది.

అప్పుడడిగిండు అబ్రార్ గాడు,
"అన్నా, మరి పడవేది?"

గౌస్ భాయ్ నా దిక్కు చూసిండు. నేను బాలమణి దిక్కు.
మోటరు సస్తగ దొరికిందని ముందుగాల అదే కొన్నరు.
పడవ తర్వాత అనుకున్నరు.
తర్వాత అంటే ఆరేండ్లు.

నాచారం దిక్కు మబ్బు నల్లగయితున్నది.
బాలమణి బుక్కుల కొత్త పేజీ తిప్పి, పెన్ను ఇదిలిచ్చి,
"ఇంటికి ఎంతేద్దాం?" అన్నది.

కౌసల్య గోడ మీది నూనె మరకను కొంగుతోని తుడుస్తనే,
మా దిక్కు చూడకనే,
"నాది మున్నూరు రాయి" అన్నది.
"గోడకు సున్నం మాత్రం మీరే ఎయ్యాలె."