ఒక చుక్క కారాలి

కుమాసీలో గురువారం రాత్రంటే
అసాఫో సందులో ఎవరికీ నిద్రుండదు.
శనివారం మట్టిలోకి వెళ్ళేవాళ్ళంతా
ముందు మా ఫ్లెక్సీ మిషను గుండా వెళ్ళాలి.

పదకొండేళ్ళుగా నా పని
పోయినవాళ్ళ పేర్లకు నగలు పెట్టడం.
ఎనభై దాటినవాళ్ళకు బంగారం:
పసుపు మీద తేనెరంగు, దాని మీద తెల్లటి మెరుపుగీత,
అంచులు చెక్కినట్టు పైకి లేపి
వెనకాల మెత్తగా ఒక వెలుగు.
వయసులో పోతే ఎరుపు,
‘ఎంత ఘోరం’ అన్న మాట చుట్టూ మంటలు.
మంటల లేయరొకటి దాచుకున్నాను.
అదే మంట రెండువందల మందికి వాడాను.
ఎవరూ పోల్చుకోలేదు.

నీడ మాత్రం ఎప్పుడూ ఒకే వైపు,
నూటఇరవై డిగ్రీలు, వెలుతురు ఎడమ పైనుంచి.
ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాడి కిటికీ అటుండేదేమో.
మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం
నీడ చెప్పుల కింద దూరి కూర్చుంటుంది.

నిన్న తొమ్మిది దాటాక క్వాకు బాదూ వచ్చాడు.
ట్రోట్రో వ్యానుకి మేట్.
తలుపుకి వేలాడుతూ ఊళ్ళ పేర్లు అరిచీ అరిచీ
గొంతు అరిగిపోయిన కుర్రాడు.
“మా డ్రైవరు ఫ్రింపోంగ్ పోయాడు సిస్టర్.
యాక్సిడెంటు కాదు. నిద్రలో.
యాక్సిడెంటు కాదు.”
నేను అడగనే లేదు.

ఫోన్లో ఫోటో చూపించాడు.
మనిషి మొహం కాదు, వ్యాను వెనకద్దం.
దాని మీద ఆయన సొంత చేత్తో రాసుకున్న మాట,
బ్రెబ్రె.
మెల్లగా, మెల్లగా.
“పేరు నీ ఇష్టం. ఈ మాట మాత్రం ఇలాగే ఉండాలి.”

నా దగ్గర నాలుగువేల ఫాంట్లున్నాయి.
సోకైనవాటిల్లో ఒక్కదానికీ మా ట్వీ ‘ఎ’ రాదు.
ఎప్పట్లాగే అంకె మూడుని తెచ్చి
అద్దంలో తిప్పి కూర్చోబెట్టాను.
బంగారం పోశాను, అంచులు చెక్కాను.
“పెళ్ళికొడుకులా ఉంది” అన్నాడు.
మెచ్చుకోలు కాదది.

“రెండో ఎ ఒరిగుంటుంది. ఆ రోజు నిచ్చెన కదిలింది,
పట్టుకున్నది నేనే.
చివర ఒక చుక్క కారింది. తుడవబోతే వద్దన్నాడు.
ఉండనీరా, అదీ మెల్లగానే వస్తోంది, అన్నాడు.”

ఒక చుక్క కారాలి.
కారే చాక్లెట్టుంది, కారే తేనె ఉంది,
కారే నెత్తురైతే పదిహేను రకాలుంది.
వ్యానుకి వేసే ఎనామెల్ పెయింటు
కారినట్టు మాత్రం ఎవరూ చెయ్యలేదు.
నెత్తురుకి నీలం రంగు పూసి చూశాను.
నీలం నెత్తురులాగే ఉంది.

పన్నెండింటికి కరెంటు పోయింది.
సేవ్ చెయ్యలేదు.
చీకట్లో మిషను చల్లారుతున్న చిటపట,
వాడి అరిగిన గొంతు:
“రోడ్డు మీద మేకొస్తే హారన్ కొట్టేవాడు కాదు.
ఆగేవాడు. అది ఆలోచించుకునేదాకా.
ప్యాసింజర్లు ఆయన్ని తిట్టేవాళ్ళు కాదు,
నన్ను తిట్టేవాళ్ళు.”

రెండింటికి వెలుతురొచ్చింది.
కొత్త ఫైలు, ఒక్క లేయరు.
గుండ్రటి బ్రష్షు తీసుకున్నాను.
పదకొండేళ్ళలో నేను అక్షరమెప్పుడూ రాయలేదు,
టైపు కొట్టి అలంకరించానంతే.
చెయ్యి వణికింది, వణకనిచ్చాను.
రెండో ఎ దగ్గరికి రాగానే
వాడు నా కుర్చీ పట్టుకుని కొంచెం కదిపాడు.

చుక్కని కిందికి లాగాను,
కొసన కాస్త బరువుగా.
నీడ పెట్టలేదు.

రేటు పట్టికలో ఎఫెక్టుకింత అనుంది.
ఏ ఎఫెక్టూ లేనిదానికి ఎంత రాయాలో తోచక
గుడ్డ ఖరీదే తీసుకున్నాను.
చిల్లర లెక్కపెట్టి మరీ ఇచ్చాడు, మేట్ కదా.

ఫ్లెక్సీ వేడివేడిగా, ఇంకు కంపుతో బయటికొచ్చింది.
వాడు వంగి ఆ చుక్కని వేలితో తాకాడు.
వేలిని ట్యూబ్‌లైటుకి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“ఆరిపోయింది” అన్నాడు.