ఖాళీ సీసా

సొహార్. రాత్రి రెండున్నర.
పోర్టు నుంచి నీలం డబ్బాలో వచ్చినవి
నలభై మూడు సీసాలు. సీళ్లు చెక్కుచెదరలేదు.
పేర్లుండవు, నల్లగీతల గుంపులే.
ఒక్కో గుంపు వెనక ఒక క్రేనూ, ఒక వీసా,
ఆర్మూర్ బ్యాంకులోనో పేషావర్ సందులోనో
ఒక అప్పూ ఉంటాయని తెలుసు.
తెలియనట్టు ఉండటానికే నాకు జీతం.

పదహారో సీసాకి తెరమీద కొండ లేచింది.
మార్ఫిన్.
పదిహేడుకి చిన్న దిబ్బ,
హద్దు గీతను మడమతో దాటినంత.

కంపెనీ నుంచి ఫోను:
"ఆరింటికి షిఫ్టు బస్సు. ఎంతమందిని దింపాలి?"
ఇద్దరు, అనడానికి
ఎంతసేపు పడుతుంది?

పదిహేడు దగ్గర మనసు పీకింది.

ధర్మపురిలో మా పెదనాన్న బంగారం పని చేసేవాడు.
గురివింద గింజలతో తూకం.
గిరాకీ ఎంత తొందరపెట్టినా
ముందు ఉత్త త్రాసును ఎత్తి పట్టుకునేవాడు,
రెండు చిప్పలూ ఊపిరి బిగబట్టి నిలిచేదాకా.
"ఏమీ లేనప్పుడు ఏం చెబుతుందో చూడాల్రా,
ఉన్నప్పటి మాట నమ్మాలంటే."

పదహారును మళ్ళీ నడిపి
దాని వెనకే ఖాళీ సీసా పెట్టాను.
శుభ్రమైన నీళ్లు తప్ప అందులో ఏమీ లేవు.
అది పలకకూడదు.
పలికింది.
అదే చోట, అదే నిమిషానికి, చిన్న దిబ్బ.

సూది.
పదహారులో మునిగిన సూదే
మరకను మోసుకెళ్లి
పక్కవాడి సీసాలో కడుక్కుంది.

సలీమా మేడమ్‌ని నిద్రలేపాను.
"అన్నీ ఆపు" అంది. "మొదటినుంచీ."
సూది మార్చాం. ఖాళీ సీసా, లెక్క తెలిసిన సీసా,
మళ్ళీ ఖాళీ సీసా. ఆ తర్వాతే మనుషులు.

పదిహేడు బల్లపరుపు.
పదహారు మాత్రం, రెండో సీలు విప్పి చూసినా,
ఎక్కడి కొండ అక్కడే.
దగ్గు మందో, గసగసాల కూరో, ఇంకేదో,
అడగాల్సింది డాక్టరు.
ఈ గదిలో దయకి అర లేదు.

ఆరున్నరకి కదిలింది బస్సు.
పదిహేడు ఎవడో కిటికీకి తల ఆన్చి
అరగంట ఆలస్యాన్ని తిట్టుకుంటూ ఉంటాడు.

తప్పుల రిజిస్టరులో
కారణం అన్న గడిలో సూది అని రాశాను.
అలవాటుగా సూది మార్పుల చార్టు తిరగేశాను.
పోయిన గురువారం మార్చాలి.
మార్చినట్టు టిక్కు, పక్కన పొట్టి సంతకం.
నాదే.

గురివింద తన కింద నలుపు ఎరగదంటారు.

సూది అన్న మాటని చెరపకుండా,
చదవడానికి వీలుగా ఒక్క గీతతో కొట్టేసి
కింద నా పేరు రాశాను,
ఇంటిపేరుతో సహా.